బ్రౌజర్ కుకీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ సైటు తెరిచినా ముందుగా కుకీల గురించి ఒక పెట్టె అడ్డం వస్తుంది. చాలామంది చదవకుండానే "యాక్సెప్ట్ ఆల్" నొక్కేస్తారు. కొందరు భయపడి సైటునే మూసేస్తారు. ఈ రెండూ అక్కర్లేదు. కుకీ లేకపోతే లాగిన్ అన్నదే సాగదు. అదే కుకీతో మనం చూసే ప్రతి పేజీనీ లెక్కరాసుకునే కంపెనీలూ ఉన్నాయి. ఒక కుకీ మంచిదో కాదో తేల్చుకోవాలంటే నా ఉద్దేశంలో రెండు సంగతులు చూడాలి: దాన్ని పెట్టింది ఎవరు, అది ఎన్నాళ్ళు ఉంటుంది. కింది జవాబులు రాసేటప్పుడు నేను పట్టుకున్న దారం అదే.

కుకీ అంటే ఏమిటి?

మీరు ఒక వెబ్‌సైటు తెరిచినప్పుడు ఆ సైటు సర్వరు పేజీతో పాటు మీ బ్రౌజరుకు పంపే చిన్న రాత ముక్క. బ్రౌజరు దాన్ని మీ ఫోన్‌లోనో కంప్యూటర్లోనో దాచుకుంటుంది. ఆ తర్వాత అదే సైటును ఏది అడిగినా, పేజీ గానీ బొమ్మ గానీ, అడిగిన ప్రతిసారీ ఆ ముక్కను కూడా జతచేసి పంపుతుంది. కుకీకి ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. వాటితో పాటు కొన్ని షరతులు: ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ సైటుకు చెందుతుంది, ఎలాంటి కనెక్షన్ మీద మాత్రమే వెళ్ళాలి. ఒక్కో కుకీ పరిమాణం దాదాపు 4 కిలోబైట్లు దాటకూడదు. ఒక ఫోటోకు కూడా అది చాలదు.

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్‌ను గుర్తుచేసుకోండి. దాని మీద నెంబరు తప్ప ఏమీ ఉండదు. చెప్పులు స్టాండులోనే ఉంటాయి, నెంబరు చూపిస్తే మీ జత ఏదో వాళ్ళు తీసిస్తారు. కుకీలో కూడా మామూలుగా ఉండేది పొడవాటి అంకెలూ అక్షరాల వరసే. మీ పేరు, కార్టులో వేసుకున్న సరుకులు, పాత ఆర్డర్లు అన్నీ సైటు సర్వర్లో ఉంటాయి. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే చెప్పులు ఇచ్చేస్తారన్నది కూడా ఇక్కడ వర్తిస్తుంది. కుకీల దొంగతనం గురించి చెప్పేచోట అది అవసరపడుతుంది.

వెబ్‌సైట్లకు ఇది ఎందుకు కావాల్సి వచ్చింది?

వెబ్ నడిచే పద్ధతికి, అంటే హెచ్‌టీటీపీకి, జ్ఞాపకం లేదు. మీరు ఒక పేజీ అడుగుతారు, సర్వరు ఇస్తుంది, అక్కడితో ఆ వ్యవహారం ముగిసిపోతుంది. మరుక్షణం ఇంకో పేజీ అడిగినా సర్వరుకు మీరు కొత్తవాళ్ళే. పరిశోధన పత్రాలు చదువుకోవడానికి పుట్టిన వెబ్‌కు అది సరిపోయింది. కొనుగోళ్ళు మొదలయ్యేసరికి సరిపోలేదు. కార్టులో ఒక వస్తువు వేసి రెండో వస్తువు వెతకడానికి వెళ్తే మొదటిది ఎవరు వేశారో సర్వరుకు తెలిసే దారి లేదు.

ఈ చిక్కును 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీ ఇంజినీరు లూ మాంటూలి విప్పాడు. ఎంసీఐ అనే టెలికాం సంస్థ కోసం ఒక ఆన్‌లైన్ దుకాణం కట్టాల్సి వచ్చింది. సగంలో ఉన్న కొనుగోళ్ళ వివరాలు తమ సర్వర్లలో పెట్టుకోవడం ఆ సంస్థకు ఇష్టం లేదు. దాంతో ఆ గుర్తును కొనేవాళ్ళ బ్రౌజర్లోనే ఉంచే ఏర్పాటు పుట్టింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన నెట్‌స్కేప్ తొలి వెర్షన్లలోనే కుకీ ఉంది. 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా దాన్ని తీసుకుంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది వాళ్ళు వద్దనుకున్న దారి. ప్రతి బ్రౌజరుకూ ఒక శాశ్వతమైన నెంబరు ఇచ్చి, ఏ సైటుకు వెళ్ళినా అదే చూపించడం ఒక ఆలోచనగా అప్పట్లో చర్చకు వచ్చింది. అది సులువు కూడా. కానీ అలా చేస్తే సైట్లన్నీ కూడబలుక్కుని ఒక మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో రాబట్టగలవని మాంటూలి గట్టిగా వ్యతిరేకించాడు. ఏ సైటు ఇచ్చిన గుర్తు ఆ సైటుకే తిరిగి వెళ్ళాలన్న నియమం అందుకోసం పెట్టిందే. మన గోప్యతను కాపాడాలన్న ఆలోచన కుకీ పుట్టుకలోనే ఉంది. అది ఎక్కడ దారితప్పిందో ప్రకటనల ప్రశ్న దగ్గర చెబుతాను.

కుకీలో నా పాస్‌వర్డు ఉంటుందా?

సరిగ్గా కట్టిన ఏ సైటులోనూ ఉండదు. మీరు పాస్‌వర్డు ఇచ్చాక సర్వరు దాన్ని సరిచూసుకుని, ఊహించి చెప్పలేనంత పొడవైన ఒక సెషన్ నెంబరు తయారుచేసి కుకీగా పంపుతుంది. ఆపైన ప్రతి పేజీకీ మిమ్మల్ని గుర్తుపట్టేది ఆ నెంబరుతోనే. లాగౌట్ నొక్కగానే సర్వరు ఆ నెంబరును రద్దు చేస్తుంది. తెలుగు, ఇంగ్లిష్‌లలో మీరు ఎంచుకున్న భాష, డార్క్ మోడ్ లాంటి చిన్న ఇష్టాలు మాత్రం కొన్నిసార్లు నేరుగా కుకీలోనే రాసి ఉంటాయి. వాటితో ప్రమాదం ఏమీ లేదు.

కుకీ వైరస్‌లాంటిదా? నా ఫోటోలు, కాంటాక్టులు చదువుతుందా?

కాదు, చదవలేదు. కుకీ నడిచే ప్రోగ్రాం కాదు, వట్టి రాత. దానంతట అది ఏ పనీ చేయలేదు, ఫోన్‌లో ఇంకో ఫైలును తెరవలేదు. సైటు దానిలో రాయగలిగేది కూడా ఆ సైటుకు అప్పటికే తెలిసిన సంగతే.

ఒక సైటు పెట్టిన కుకీని ఇంకో సైటు చూడగలదా?

చూడలేదు. మీ బ్యాంకు పెట్టిన కుకీని బ్రౌజరు ఆ బ్యాంకు చిరునామాకు తప్ప ఎవరికీ ఇవ్వదు. ఈ కట్టుబాటును బ్రౌజర్లు చాలా గట్టిగా పాటిస్తాయి. వచ్చే ప్రశ్న చదివితే ఇది అబద్ధమేమో అనిపిస్తుంది గానీ, కాదు.

మరి ఒక సైటులో ప్రెషర్ కుక్కర్ చూస్తే, వార్తల సైటులో కూడా అదే కుక్కర్ ప్రకటన ఎలా వస్తోంది?

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే కుకీల గురించి ఉన్న తగాదా అంతా దీనిమీదే.

మీరు ఒక వార్తల సైటు తెరిస్తే కనిపించే పేజీ మొత్తం ఆ సైటు ఒక్కటే పంపింది కాదు. వార్త దాని సర్వర్ నుంచి వస్తుంది. పక్కన ఉన్న ప్రకటన ఒక యాడ్ కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. వీడియో ఇంకోచోటి నుంచి, లైక్ బటను మరోచోటి నుంచి. బ్రౌజరు వీటన్నిటినీ విడివిడిగా అడిగి తెచ్చుకుంటుంది. అడిగినప్పుడల్లా ఆ సర్వరుకు కూడా తన కుకీ పెట్టుకునే అవకాశం దొరుకుతుంది. అంటే మీరు పేరు కూడా వినని యాడ్ కంపెనీ, మీరు దాని సైటుకు ఒక్కసారీ వెళ్ళకుండానే, మీ బ్రౌజర్లో ఒక నెంబరు పెడుతుంది. దీన్ని థర్డ్ పార్టీ కుకీ అంటారు. అడ్రస్ బారులో మీకు కనిపించే సైటు పెట్టేది ఫస్ట్ పార్టీ కుకీ.

ఇప్పుడు కుక్కర్ అమ్మే దుకాణం తన పేజీలో అదే యాడ్ కంపెనీ కోడ్‌ను పెట్టుకుందనుకోండి. మీరు కుక్కర్ పేజీ తెరవగానే బ్రౌజరు ఆ కోడ్ కోసం యాడ్ కంపెనీని అడుగుతుంది, దాని కుకీని దానికి తిరిగి ఇస్తుంది, ఏ పేజీ నుంచి అడుగుతున్నదీ తెలిసేలా చేస్తుంది. "ఫలానా నెంబరు కుక్కర్లు చూసింది" అని కంపెనీ రాసుకుంటుంది. గంట తర్వాత మీరు వార్తల సైటు తెరిస్తే అక్కడి ప్రకటన చోటు కూడా అదే కంపెనీది. మళ్ళీ అదే నెంబరు వెళ్తుంది. కుక్కర్ బొమ్మ వస్తుంది. దుకాణం కుకీని వార్తల సైటు చదవలేదు, వార్తల సైటు కుకీని దుకాణం చదవలేదు. రెండు చోట్లా కూర్చున్నది ఒకే మూడో మనిషి. ఏ సైటు గుర్తు ఆ సైటుకే అన్న నియమం చెక్కుచెదరకుండానే దాని ఉద్దేశం మాత్రం చెల్లకుండా పోయింది.

ఒక్క కుక్కరైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ అదే యాడ్ కంపెనీ లక్షల సైట్లలో ఉంటే ఆ నెంబరు పక్కన చేరేవి మధుమేహం గురించి చదివిన పేజీలు, అప్పు కోసం వెతికిన పేజీలు, సంతానం కోసం తిరిగిన ఆస్పత్రుల పేజీలు. మన ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోని సంగతులు అవి. వాటిని అడగకుండా కూడబెట్టడం తప్పని నేను నమ్ముతాను. ప్రకటనలు ఉండకూడదని కాదు. వార్త పక్కన ఆ వార్తకు తగిన ప్రకటన వేయడానికి చదివేవాళ్ళ చరిత్ర అక్కర్లేదు.

ఈ ముప్పును మొదట్లోనే గుర్తించినవాళ్ళు ఉన్నారు. 1997 ఫిబ్రవరిలో కుకీలకు తొలి ప్రమాణ పత్రం వచ్చింది. ఆర్ఎఫ్‌సీ 2109 అంటారు. థర్డ్ పార్టీ కుకీలను బ్రౌజర్లు మొదటి నుంచీ ఆపి ఉంచాలని అందులో రాశారు. అప్పటికే డబుల్‌క్లిక్ లాంటి ప్రకటనల కంపెనీలు వాటి మీద వ్యాపారం మొదలుపెట్టాయి. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ ఆ మాటను పాటించలేదు. డబుల్‌క్లిక్‌ను 2008లో గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

కుకీ ఎన్నాళ్ళు ఉంటుంది? బ్యాంకు సైటు కొద్ది నిమిషాలకే బయటికి పంపేస్తుంది, మెయిల్ మాత్రం నెలలపాటు తెరిచే ఉంటుంది, ఎందుకు?

గడువు రాయని కుకీ బ్రౌజరు మూసేదాకా ఉంటుంది. దాన్ని సెషన్ కుకీ అంటారు. గడువు రాసి ఉంటే ఆ తేదీ దాకా ఉంటుంది. ఒకప్పుడు ఇరవై, ముప్పై ఏళ్ళ గడువు రాసిన కుకీలు కూడా ఉండేవి. 2022 నుంచి క్రోమ్ ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉంచుకోదు. మీరు ఆ సైటుకు మళ్ళీ వెళ్తే గడువు కొత్తగా మొదలవ్వొచ్చు. జావాస్క్రిప్ట్‌తో, అంటే పేజీలో నడిచే కోడ్‌తో, పెట్టిన కుకీలనైతే ఆపిల్ బ్రౌజరు సఫారీ ఏడు రోజులకే తుడిచేస్తుంది.

అయితే కుకీ బతికి ఉన్నంత మాత్రాన లాగిన్ బతికి ఉన్నట్టు కాదు. ఆ సెషన్ నెంబరు ఇంకా చెల్లుతుందో లేదో తేల్చేది సర్వరు. మీరు ఫోన్ వదిలి వెళ్తే వేరేవాళ్ళు డబ్బు పంపకూడదని బ్యాంకు కొద్ది నిమిషాల్లోనే నెంబరును రద్దు చేస్తుంది. ఫారం నింపుతుండగా సెషన్ పోతే చిరాకే. అయినా బ్యాంకు విషయంలో నేను ఆ చిరాకునే కోరుకుంటాను. మెయిల్ కంపెనీకి మీరు రోజూ రావాలి కాబట్టి అది నెలల తరబడి చెల్లనిస్తుంది.

పాస్‌వర్డు తెలియకుండా కుకీ దొంగిలించి నా ఖాతాలోకి రాగలరా?

రాగలరు. ప్రకటనల గురించి ఎంతో మాట్లాడతాం గానీ, ఈ ప్రమాదం గురించి మన దగ్గర తగినంతగా చెప్పుకోవడం లేదు. సెషన్ నెంబరు ఉన్న లాగిన్ కుకీ అంటే పాస్‌వర్డూ ఓటీపీ రెండూ దాటిపోయాక ఇచ్చిన గుర్తు. దాన్ని నకలు చేసి తన బ్రౌజర్లో పెట్టుకున్నవాణ్ణి సైటు మీరే అనుకుంటుంది. కొత్తగా ఓటీపీ రాదు.

2010లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. తాళం లేని వైఫైలో కూర్చుని బటను నొక్కితే చుట్టుపక్కలవాళ్ళ ఫేస్‌బుక్, ట్విట్టర్ ఖాతాలు వరసగా కనిపించేవి. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే హెచ్‌టీటీపీఎస్‌లో (దారిలో ఎవరూ చదవలేకుండా పంపే పద్ధతిలో) ఉంచి మిగతా పేజీలన్నిటినీ, వాటితో కుకీనీ, గాలిలో బాహాటంగా పంపేవి. లోపం ఎంత పెద్దదో అందరికీ చూపించాలన్నదే అతని ఉద్దేశం, అది ఫలించింది. ఫేస్‌బుక్ 2013 నాటికి అందరికీ మొత్తం హెచ్‌టీటీపీఎస్ చేసింది. ఇప్పుడు వైఫైలో కుకీ పట్టుకోవడం అంత తేలిక కాదు.

దాంతో దొంగలు నేరుగా కంప్యూటర్లోకి వచ్చారు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేరు, ఫ్రీ గేమ్ మోడ్, "మీ ఛానెల్‌కు స్పాన్సర్‌షిప్ ఇస్తాం, ఈ ఫైలు చూడండి" అనే మెయిల్: వీటిలో దాగిన మాల్‌వేరు, అంటే హాని చేసే ప్రోగ్రాం, బ్రౌజర్లోని కుకీలన్నిటినీ ఒక్కసారిగా ఊడ్చుకుపోతుంది. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానెల్ ఇలాగే చేజారింది. స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని ఉద్యోగి ఒకరు ఫైలు తెరిచారు, కుకీలు పోయాయి. ఛానెల్‌లో క్రిప్టో మోసం వీడియోలు ప్రసారమయ్యాయి. టెక్నాలజీనే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళకే ఇది జరిగింది. తెలుగులో ఛానెల్ నడిపేవాళ్ళకు అలాంటి మెయిల్ వస్తే ఫైలు తెరవకముందే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

అనుమానం వస్తే పాస్‌వర్డు మార్చడంతో ఊరుకోవద్దు. ఖాతా సెట్టింగ్స్‌లో లాగిన్ అయి ఉన్న డివైజుల జాబితా ఉంటుంది. అక్కడ అన్నిటినీ సైనౌట్ చేయండి. దొంగ దగ్గరున్న నెంబరు చెల్లకుండా పోయేది దాంతోనే. ఈ పని కూడా మాల్‌వేరు లేని వేరే డివైజు నుంచి చేయాలి.

నెట్ సెంటర్లో కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టాను. బ్రౌజరు మూసేస్తే చాలా?

చాలదు. ఎంసెట్ రోజుల నుంచి ఇప్పటి ఈఏపీసెట్ దాకా చాలామంది పిల్లలు ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్లోనే, కాబట్టి ఇది నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి. "ముందు వదిలిన చోటు నుంచి మొదలుపెట్టు" అనే సెట్టింగ్ ఉన్న బ్రౌజర్లు మూసి తెరిస్తే సెషన్ కుకీలను కూడా వెనక్కి తెస్తాయి. తర్వాత కూర్చున్నవాళ్ళకు మీ పేజీ కనిపించవచ్చు. ముందుగా సైటులోని లాగౌట్ బటనే నొక్కాలి. అసలు మొదటినుంచీ ఇన్‌కాగ్నిటో విండోలో పనిచేసి, అయిపోయాక ఆ విండోలన్నీ మూసేస్తే ఇంకా మంచిది. పాస్‌వర్డు సేవ్ చేయనా అని బ్రౌజరు అడిగితే వద్దనండి.

ఇన్‌కాగ్నిటోలో ఉంటే నన్ను ఎవరూ చూడలేరా?

ఇన్‌కాగ్నిటో చేసేది ఒకటే: ఖాళీ కుకీ డబ్బాతో మొదలుపెట్టి, మూసేటప్పుడు ఆ డబ్బాను, హిస్టరీని పారేయడం. అదే కంప్యూటర్ వాడే ఇంట్లోవాళ్ళకు మీ జాడ దొరకదు. సైట్లకు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రం మీరు వెళ్ళిన సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఈ తేడా సరిగ్గా చెప్పలేదని 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా వేశారు. 2024లో రాజీకి వచ్చి, కోట్లాది బ్రౌజింగ్ రికార్డులను తొలగించడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

ఫోన్‌లో క్రోమ్‌లో లాగిన్ అయ్యే ఉన్నాను. ఫేస్‌బుక్‌లో లింకు నొక్కితే అదే సైటు మళ్ళీ లాగిన్ అడుగుతోంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు లింకును తమ లోపలి బ్రౌజర్లో తెరుస్తాయి. దాని కుకీలు వేరు, క్రోమ్ కుకీలు వేరు. పై మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్లో తెరిస్తే మీ లాగిన్ అక్కడే ఉంటుంది. డబ్బు చెల్లించే పని ఏదైనా ఉంటే ఎప్పుడూ అలా తెరవడమే మంచిది, అడ్రస్ బారు పూర్తిగా కనిపిస్తుంది.

కుకీలకు అనుమతి అడిగే ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చింది?

యూరప్ చట్టం నుంచి. అక్కడ 2002 నాటి ఈప్రైవసీ డైరెక్టివ్‌ను 2009లో సవరించి, అడిగిన సేవకు తప్పనిసరి కాని ఏ కుకీ అయినా పెట్టేముందు అనుమతి తీసుకోవాలన్నారు. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులోకి వచ్చి, అనుమతి అంటే ఏమిటో కచ్చితం చేసింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కింద చెల్లదని 2019 అక్టోబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం ప్లానెట్49 కేసులో తీర్పిచ్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి నాలుగు నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్సు నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. అందుకే బెర్లిన్‌లోనో పారిస్‌లోనో ఉంటున్న మనవాళ్ళు తెరిస్తే "రిజెక్ట్ ఆల్" బటను ఎదురుగా కనిపించే సైటు, హైదరాబాద్‌లో తెరిస్తే దాన్ని చూపించకపోవచ్చు.

చట్టం మంచిదే. దాన్ని అమలుచేసిన తీరే మనుషుల్ని విసిగించి, చదవకుండా నొక్కడం అలవాటు చేసింది.

"రిజెక్ట్" నొక్కితే సైటు పనిచేయదా?

పనిచేస్తుంది. లాగిన్, కార్టు, భద్రత కోసం ఉండే కుకీలు తప్పనిసరి జాబితాలో ఉంటాయి, మీరు వద్దన్నా అవి ఆగవు. ఆగేవి ప్రకటనలవి, విశ్లేషణవి. "రిజెక్ట్" కనబడకపోతే "మేనేజ్" లేదా "ప్రిఫరెన్సెస్" అని ఉన్నది తెరవండి. అందులో "లెజిటిమేట్ ఇంటరెస్ట్" అని ఇంకో వరస ఉంటే అది కూడా తీసేయండి. మిమ్మల్ని అడగకుండానే కొన్ని కంపెనీలు దాని చాటున మీ సమాచారం వాడుకుంటాయి.

మన దేశంలో దీనికి చట్టం ఉందా?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలయ్యేలా గడువు పెట్టారు. చట్టం కుకీలనే మాట వాడలేదు. కానీ ఒక మనిషిని గుర్తించగలిగే సమాచారం ఏదైనా దాని పరిధిలోకి వస్తుంది కనుక, ట్రాకింగ్ కుకీలకూ వర్తిస్తుంది. అనుమతి స్వేచ్ఛగా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. 18 ఏళ్ళలోపు పిల్లలను వెంటాడి గమనించడం, వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు వేయడం నిషేధం. వీటికి కొన్ని మినహాయింపులు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది.

మనకు మరీ దగ్గరి సంగతి ఒకటుంది. ఆ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. ఆ 22లో తెలుగు ఉంది. అర్థంకాని భాషలో అడిగి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఈ హక్కును మనం పట్టుబట్టి అడగాలి.

క్రోమ్ థర్డ్ పార్టీ కుకీలను తీసేస్తుందన్నారు, ఏమైంది?

తీసేయలేదు. సఫారీ 2020 మార్చి నుంచి వాటిని పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను ఆపి, 2022లో ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే విడిగా ఉంచే ఏర్పాటు తెచ్చింది. రెండేళ్ళలో తీసేస్తామని క్రోమ్ 2020 జనవరిలో ప్రకటించింది. గడువు పొడిగిస్తూ వచ్చి, 2024 జనవరిలో నూటికి ఒక్కరి దగ్గర ఆపి చూసింది. ఆ ఏడాది జులైలో ఆలోచన మార్చుకుంది. 2025 ఏప్రిల్‌లో, అనుమతి అడిగే కొత్త పెట్టె కూడా తేవడం లేదని చెప్పేసింది. ప్రకటనల మీద బతికే కంపెనీయే బ్రౌజరునూ చేస్తున్నప్పుడు ఇంతకంటే ఆశించడం కష్టం. క్రోమ్ వాడేవాళ్ళు ఈ పని తమంతట తామే చేసుకోవాలి.

కుకీలు ఆపేస్తే ట్రాకింగ్ పూర్తిగా ఆగుతుందా?

తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. స్క్రీను కొలత, ఫాంట్లు, బ్రౌజరు వెర్షన్, టైమ్‌జోన్ లాంటివన్నీ కలిపి చూస్తే ఒక్కో బ్రౌజరుకు ఒక్కో ముద్ర తయారవుతుంది. దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో దాదాపు 4 లక్షల 70 వేల బ్రౌజర్లను పరిశీలిస్తే 83.6 శాతం వేటికవే విడిగా గుర్తుపట్టేలా తేలాయి. కుకీని తుడిచేయొచ్చు, ఈ ముద్రను తుడవలేం. యాప్‌లదైతే వేరే దారి, వాటికి ఫోన్ అడ్వర్టైజింగ్ ఐడీ ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో దాన్ని డిలీట్ చేయొచ్చు. ఐఫోన్‌లో 2021 నుంచి ప్రతి యాప్ ముందుగా అడగాల్సిందే.

కుకీ, క్యాష్ ఒకటేనా? కుకీలు తుడిస్తే ఫోన్ వేగం పెరుగుతుందా?

ఒకటి కాదు. బొమ్మలు, కోడ్ మళ్ళీ దించకుండా ఉంచుకునేది క్యాష్. కుకీలు తుడిస్తే వేగం పెరగదు, లాగిన్లు మాత్రం పోతాయి. ఒకే సైటు మొరాయిస్తుంటే ఆ ఒక్క సైటు కుకీలనే తుడవండి. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కితే ఆ వీలు కనిపిస్తుంది.

నాకొక చిన్న సైటు ఉంది. అనుమతి పెట్టె పెట్టాలా?

లాగిన్, కార్టు కుకీలు మాత్రమే ఉంటే యూరప్ చట్టం కూడా అనుమతి అడగమనదు, తెలియజేస్తే చాలు. మీకు తెలియకుండా కుకీలు తెచ్చేవి ఉచిత థీమ్‌లు, షేర్ బటన్లు, అతికించిన వీడియోలు. యూట్యూబ్ వీడియో అతికించేటప్పుడు ప్రైవసీ-ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఎంచుకోండి. లాగిన్ కుకీకి మూడు షరతులు తప్పకుండా పెట్టండి: సెక్యూర్ ఉంటే హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తుంది, హెచ్‌టీటీపీ-ఓన్లీ ఉంటే పేజీలో దూరిన స్క్రిప్టు దాన్ని చదవలేదు, సేమ్‌సైట్ ఉంటే వేరే సైటు నుంచి మీ సైటుకు దొంగచాటుగా పంపే విన్నపాలతో అది వెళ్ళదు. సేమ్‌సైట్ రాయకపోతే దాన్ని "లాక్స్"గా, అంటే కాస్త సడలించిన షరతుగా, తీసుకోవడం క్రోమ్ 2020లో మొదలుపెట్టింది. అయినా రాసి ఉంచడమే పద్ధతి.

సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

కంప్యూటర్ క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్ అన్న వరసలో వెళ్ళి "బ్లాక్" ఎంచుకోండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇది సైట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో "స్ట్రిక్ట్" పెట్టుకోవచ్చు. ఐఫోన్ సఫారీలో "ప్రివెంట్ క్రాస్-సైట్ ట్రాకింగ్" ఆన్‌లో ఉందో లేదో చూస్తే చాలు. అన్ని కుకీలనూ ఆపేసే సెట్టింగ్ జోలికి వెళ్ళకండి, ఏ లాగినూ నిలవదు. థర్డ్ పార్టీవి ఆపాక ఏదైనా పేమెంట్ పేజీయో, "గూగుల్‌తో లాగిన్" బటనో పనిచేయకపోతే, అడ్రస్ బారులో వచ్చే కన్ను గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు తాత్కాలికంగా అనుమతి ఇవ్వవచ్చు.